నేను ఎదురు రాని పొద్దు

అలియాబాద్ నుంచి బౌరంపేట్ పెద్ద దూరమేమీ కాదు. మేడ్చల్‌కు ఒక బస్సు, అక్కడి నుంచి చౌరస్తాకు ఇంకొకటి, ఆపైన ఆటో. గంటన్నర పడుతుంది. కిందటి చలికాలం మా అమ్మాయి కాన్పుకని నేను సంచి సర్దుకుంటుంటే పక్కింటావిడ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. తొలి కాన్పుకు బిడ్డ తల్లిగారింటికి రావాలి గానీ తల్లే బిడ్డ ఇంటికి పోవడం ఎక్కడన్నా ఉందా అని అడిగింది. ఆసుపత్రి వాళ్లకు దగ్గర, నా ఇంట్లో నేనొక్కదాన్నే, అందుకని పోతున్నానన్నాను. ఆ ఆచారం మీద నాకు ఇంకా చాలా చెప్పాలని ఉంది. ఇంతలో ఆటో వచ్చింది, ఆమె బతికిపోయింది.

అమ్మాయి వాళ్లు ఉండేది చుట్టూ గోడ కట్టిన పెద్ద కాలనీలో, ఐదో అంతస్తులో. గేటు దగ్గర కాపలా మనిషి నన్ను ఆపి ఫోనులో ఏదో నొక్కాడు. లోపలివాళ్లు ఒప్పుకుంటే తప్ప పంపడానికి లేదట. అమ్మాయి ఆఫీసు మీటింగులో ఉండి ఫోను చూసుకోలేదు. ప్లాస్టిక్ కుర్చీలో చాలాసేపు కూర్చున్నాను. ఊరుకోలేక, నా పేరు పక్కన ఏం రాశావని అడిగాను. గెస్టు అని రాశానన్నాడు. తల్లి అని రాయమన్నాను.

“ఇందుట్ల తల్లి లేదమ్మా. గెస్టు, కొరియరు, పనిమనిషి. గీ మూడే ఉన్నయి” అన్నాడు.

అప్పుడు నవ్వాను. తర్వాతి రెండు వారాలూ ఆ మూడింటిలో నేను దేని కిందికి వస్తానా అని ఆలోచిస్తూ గడిపాను. పనిమనిషిని మాత్రం కాదు. వంటిల్లు మా వియ్యపురాలి చేతిలో ఉంది. ఆవిడ గోదావరి వైపు మనిషి, నాకంటే పది రోజుల ముందే వచ్చింది. నేను కత్తిపీట ముందు కూర్చోబోతే, మీరు చదువుకునే మనిషి వదినగారూ, మీకెందుకివన్నీ అని నవ్వుతూ లేపేసేది. ఆ మాటలో వెటకారం లేదు, నిజమైన గౌరవమే. ఆ గౌరవం వల్ల నాకు ఉల్లిపాయ కోసే పని కూడా దక్కలేదు.

అమ్మాయి చివరి వారం దాకా ఇంట్లోంచే ఉద్యోగం చేసింది. చెవులకు ఆ పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పొట్ట మీద ఒక చెయ్యి వేసుకుని, ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతూ ఉండేది. అవి తీసేశాక అత్తగారితో “ఏంటత్తయ్యా” అనేది. నాతో మాత్రం “ఏందే అమ్మా” అనేది. రోజుకు నాలుగైదు సార్లు వినబడే ఆ “ఏందే” కోసం నేను గదిలో ఒక చెవి అటు పెట్టుకుని కూర్చునేదాన్ని. అల్లుడు మంచివాడు. ఎనిమిదిన్నరకు పోతే చీకటి పడ్డాక వచ్చేవాడు. మధ్యాహ్నం తిన్నాక అత్తాకోడళ్లిద్దరూ నిద్రపోయేవారు. నేను బాల్కనీలోకి పోయి సగం కట్టిన అంతస్తులను, హద్దురాళ్లు పాతిన ఖాళీ జాగాలను, వరసగా నిలబెట్టిన పసుపు రంగు బడి బస్సులను చూసేదాన్ని. ఆ ఇంట్లో నన్ను ఎవరూ కాదనేవారు కారు. నేనేం చెప్పినా, అవును వదినగారూ, నిజమే అత్తయ్యా అనేవారు. నలభై ఏళ్లు వాదించి బతికిన మనిషికి అంతకంటే ఒంటరితనం ఏముంటుంది? మా ఆయన ఉన్నప్పుడు పొద్దున చాయ్ దగ్గరే నా మొదటి వాక్యాన్ని ఖండించేవాడు. ఆయన పోయి ఆరేళ్లయింది.

వాదించడం నాకు మా బాపు నేర్పాడు. గ్రంథాలయం హాలులో చర్చలు జరిగితే నన్ను వెంట తీసుకుపోయేవాడు. అక్కడొక నియమం ఉండేది. నీ వాదన చెప్పే ముందు అవతలివాడి వాదన చెప్పాలి, అదీ వాడు చెప్పుకున్న దానికంటే బాగా చెప్పాలి. ఆ తర్వాతే దాన్ని పడగొట్టాలి. నేను పదమూడేళ్లకే అందులో ఆరితేరాను. తర్వాత లెక్కల టీచర్నయి జిల్లా పరిషత్ బడుల్లో పనిచేశాను. సెలవుల్లో సభలకు పోయి మాట్లాడేదాన్ని, పత్రికలకు రాసేదాన్ని.

నా వ్యాసాలలో ఎక్కువ తిట్లు తెచ్చింది ఎదురు గురించి రాసిందే. శుభమా అని ఇంట్లోంచి బయల్దేరుతుంటే భర్త పోయిన మనిషి ఎదురు రాకూడదన్న కట్టడి గురించి. మా ఊళ్లో ఒక మంత్రసాని ఉండేది. చిన్నతనంలోనే భర్త పోయాడు. ఎవరింట్లో పెళ్లివాళ్లు బయల్దేరుతున్నా ముందుగా ఒక మనిషి పోయి ఆమెను లోపల కూర్చోమని చెప్పి వచ్చేవాడు. ఆమె తలుపు వేసుకుని కూర్చునేది. ఆ పెళ్లికొడుకు పుట్టినప్పుడు మొట్టమొదట వాడికి ఎదురైన ముఖం ఆమెదే. ఊళ్లో సగం మంది ఈ లోకంలోకి వచ్చింది ఆ ముఖం చూసుకుంటూనే. వాళ్లెవరికీ ఏమీ కాలేదు, పైగా పెళ్లిళ్లు కూడా అవుతున్నాయి. ఈ మాట నేను సభలో చెప్పినప్పుడు వెనక వరసలో గుసగుసలు ఆగిపోయేవి.

బడిలో పిల్లలకు ఇంకో విధంగా చెప్పేదాన్ని. మా సాయంత్రం గంట కొట్టగానే శామీర్‌పేట బస్సు వచ్చి ఆగేది. గంట కొట్టినందుకే బస్సు వచ్చిందా అని అడిగితే పిల్లలు కొంతమంది అవును టీచర్ అనేవాళ్లు. ఒకరోజు గంట కొట్టవద్దని అటెండరుకు చెప్పి, అందరినీ గోడ దగ్గర నిలబెట్టాను. బస్సు వచ్చింది. ఆ గోడ దగ్గర నిలబడ్డవాళ్లలో మా అమ్మాయి కూడా ఉంది. అప్పుడు అది ఏడో తరగతి.

మా ఆయన పోయిన పదకొండో రోజు, బొట్టు తీయడానికి వచ్చిన ఆడవాళ్ల ముందు నేను అరగంట మాట్లాడాను. వాళ్లు అలసిపోయి వెళ్లిపోయారు. బొట్టు అలాగే ఉంది, మట్టెలు అలాగే ఉన్నాయి. అమ్మాయి ఆ అరగంటా నా పక్కనే నిలబడింది.

ఇంత చెప్పుకున్నాక అసలు సంగతి చెప్పడం కష్టంగానే ఉంది.

ఈ కాన్పుకు ఏడాది ముందు, సీతాఫలాల కాలంలో, అమ్మాయి మొదటిసారి కడుపుతో ఉంది, మూడో నెల. నేనొక సంచి నిండా పళ్లు తీసుకుని, చెప్పకుండానే బౌరంపేట్ పోయాను. గేటు దగ్గరికి చేరేసరికి వాళ్ల కారు లోపలి నుంచి వస్తోంది. స్కానింగుకు బయల్దేరారు. కారు సరిగ్గా నా ముందు ఆగింది. అమ్మాయి అద్దం దించి, “మంచిగ ఎదురొచ్చినవ్, ఎక్కు” అని నవ్వింది. నేను పళ్ల సంచితో ఎక్కాను. స్కానింగులో గుండె కొట్టుకోవడం కనిపించలేదు. మొదటి నెలల్లో ఇలా జరుగుతుంటుందని, ఎవరి తప్పూ ఉండదని డాక్టరు చాలా ఓపికగా చెప్పింది. తిరిగి వస్తుంటే కారంతా మాగిన సీతాఫలాల వాసన.

ఆ రోజు గానీ, ఆ తర్వాత గానీ నన్ను ఎవరూ ఏమీ అనలేదు. వియ్యపురాలు ఫోనులో ఏడ్చింది తప్ప నేను ఎదురొచ్చిన మాట ఎత్తలేదు. అని ఉంటే నేను జవాబు చెప్పి ఉండేదాన్ని. గంట గురించి, బస్సు గురించి, మంత్రసాని గురించి చెప్పి ఆ సంగతి అక్కడితో ముగించేదాన్ని. ఎవరూ అనకపోవడంతో ఆ మాట అనే పని నా మీద పడింది. అలియాబాద్‌లో ఒక్కదాన్నే వండుకుంటూ, ఉతుక్కుంటూ, బాపు నియమం ప్రకారం అవతలివాళ్ల వాదనను వాళ్లకంటే బాగా చెప్పుకున్నాను. ఏడాది పాటు చెప్పుకున్నాను. పడగొట్టే వంతు వచ్చేసరికి ప్రతిసారీ పొయ్యి మీద ఏదో పొంగేది.

నొప్పులు మొదలైంది ఒక మంగళవారం పొద్దున, టిఫిన్లు అయ్యాక. అల్లుడు ఇంకా ఆఫీసుకు పోలేదు. బట్టల సంచి, రిపోర్టుల ఫైలు ముందే సిద్ధంగా ఉన్నాయి. వియ్యపురాలు దీపం పెట్టి కోడలికి కుంకుమ దిద్దింది. అమ్మాయి గోడ పట్టుకుని నిలబడి, నా వైపు చూసింది. ఫైలు నా చేతిలో ఉంది. దాన్ని అల్లుడి చేతిలో పెట్టి, ఆరేసిన బట్టలు తీసి ఇప్పుడే వస్తానన్నాను.

వంటింటి వెనక బట్టలుతికే చోటుకు పోయి జాలీ తలుపు వేసుకున్నాను. మెషిన్ తిరుగుతోంది. దండెం మీద పసిబిడ్డ కోసం కుట్టి ఉతికిన పాత చీరల గుడ్డలు. నా ఉపాయం ఏమిటంటే, వాళ్లు లిఫ్టు దాకా పోయాక నేను వెనక నుంచి పోయి కలుస్తాను. వెనక నుంచి వస్తే ఎదురు కాదు. ఈ మినహాయింపు నాకు ఎవరు నేర్పారో తెలియదు. ఖండించడానికి ఆ శాస్త్రమంతా చదివినప్పుడు అదీ వంటబట్టి ఉంటుంది.

“వదినగారూ” అన్న పిలుపు రెండుసార్లు వినిపించింది. కొంచెం ఆగి, “అమ్మా” అని ఒక్కసారి. నేను పలకలేదు. గంట కొట్టవద్దని అటెండరుకు చెప్పడం నాకు తేలికే. పోయేది బస్సు మాత్రమే కదా. బిడ్డ కడుపు మీద ఆ పరీక్ష చేసే ధైర్యం నాకు లేకపోయింది. తడి గుడ్డ ఒకటి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. చివరికి అల్లుడు, “అత్తయ్యా, లేటవుతోంది, మీరు తర్వాత రండి” అని గట్టిగా అరిచాడు. తలుపు పడిన చప్పుడు.

మెషిన్ ఆగాక ఇంట్లో ఇంకే చప్పుడూ లేదు. బయటికి వచ్చి చూస్తే లిఫ్టు పైన అంకె మూడు, రెండు, ఒకటి అని దిగిపోతోంది.

గేటు దగ్గర కాపలా మనిషి, మీ బిడ్డ కారు ఇప్పుడే పాయె గద, మీరు పోలేదా అని అడిగాడు. పోలేదన్నాను. ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. షేరాటోలో చౌరస్తా దాకా పోయి, ఆసుపత్రికని మేడ్చల్ బస్సు ఎక్కాను. టిఫిన్ డబ్బాలు పట్టుకుని కంపెనీలకు పోయే ఆడవాళ్లతో బస్సు నిండిపోయి ఉంది. సూరారం నుంచి వస్తున్నానన్న ఒకామె లేచి, “కూసో అవ్వా” అని చోటిచ్చింది. నన్ను ఎప్పుడూ టీచరమ్మా అనో మేడమ్ అనో పిలిచేవారు. అవ్వ అనిపించుకోవడం అదే మొదలు. ఇంకా కాలేదమ్మా, అవుతానో లేదో చూడాలి అని చెప్పాలనిపించింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

నేను చేరేసరికి అమ్మాయిని లోపలికి తీసుకుపోయారు. తోడు ఒక్క ఆడమనిషినే రానిస్తారట. కాగితంలో వియ్యపురాలి పేరు రాశారు. అక్కడ నేను లేను కాబట్టి ఆవిడ పేరే రాస్తారు, ఇందులో ఎవరిని తప్పు పట్టేది? స్టీలు కుర్చీలో మధ్యాహ్నం మూడింటి దాకా కూర్చున్నాను. అల్లుడు రెండుసార్లు చాయ్ తెచ్చిచ్చాడు. ఆ తలుపు వెనక మా అమ్మాయి అరుస్తోందో లేదో వినబడలేదు. ఎవరి చెయ్యి పట్టుకుందో తెలియదు. నన్ను కన్నప్పుడు మా అవ్వ తన పక్కనే ఉందని మా అమ్మ చెప్పేది. అమ్మాయిని కన్నప్పుడు నా పక్కన మా అమ్మ ఉంది. ఆ వరసలో నాది ఖాళీ.

తలుపు తీసుకుని వియ్యపురాలు వచ్చింది. ముఖమంతా చెమట. “ఆడపిల్ల వదినగారూ, ఇద్దరూ బాగున్నారు” అంది. నా పక్క కుర్చీలో కూలబడి, కొంగుతో ముఖం తుడుచుకుని మెల్లగా చెప్పింది.

“మీ అమ్మాయి నాతో మొన్ననే గట్టిగా చెప్పింది. హాస్పిటల్‌కి బయల్దేరేటప్పుడు మా అమ్మే ఎదురు రావాలి, ఇంకెవరూ వద్దని. ఎదురింటావిడ చెంబుతో నీళ్లు పట్టుకుని వస్తానంటే నేనే వద్దన్నాను. లిఫ్టు తలుపు కాలు అడ్డం పెట్టి ఆపాను. మీరు కనబడలేదు.”

మీకు అభ్యంతరం లేకపోయిందా అని అడిగాను.

“ఎందుకు లేదండీ? ఉంది. రెండు రోజులు సరిగా తిండి సయించలేదు. కడుపుతో ఉన్న పిల్ల అడిగితే కాదంటామా?”

ఆవిడ నాతో అబద్ధం ఆడలేదు. నమ్మకం ఉన్న మనిషి తన భయాన్ని మింగి లిఫ్టు తలుపు పట్టుకుని నిలబడింది. నమ్మకం లేదని సభల్లో చెప్పిన నేను తడిబట్టల చాటున నిలబడ్డాను.

సాయంత్రం చూడనిచ్చే వేళకు లోపలికి పోయాను. పసిది ఉయ్యాలలో నిద్రపోతోంది. తల నిండా జుట్టు, ముడుచుకున్న పిడికిళ్లు. ముట్టుకోబోయి ఆగాను. అమ్మాయి కళ్లు తెరిచింది.

“బట్టలు ఎండినయా?” అంది.

మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాను.

“ఎవరన్న ఏమన్న అన్నరానే?”

“ఎవ్వరు అనలే.”

“మరి?”

పోయినేడు అని మొదలుపెట్టి ఆగిపోయాను. అది పైకప్పు వైపు చూస్తూ మాట్లాడింది. గొంతు తగ్గిపోయి ఉంది.

“పోయినేడు అట్లయింది నువ్వొచ్చినందుకు కాదు. గది నాకెర్కే. గంట సంగతి జెప్పింది నువ్వే గద. నువ్వు మనసుల వెట్టుకున్నవని గుడ ఎర్కే. అందుకే నిన్ను రమ్మన్న. నొప్పులతోని నిలవడ్డ అమ్మా, లిఫ్టు కాడ.”

తర్వాత గోడ వైపు తిరిగింది. నేను ఏదో ఒకటి చెప్పాలి. పాప క్షేమంగా వచ్చిందన్న సంతోషంలో కూడా నా తల ఒక పాడు లెక్క వేస్తూనే ఉంది. ఎదురు వెళ్లినప్పుడు పోయింది, వెళ్లనప్పుడు దక్కింది. అవతలి పక్షానికి ఇప్పుడు రెండో సాక్ష్యం నేనే చేతులారా ఇచ్చాను. అది సాక్ష్యం కాదని లెక్కల టీచరుగా నాకు తెలుసు. ఆ సంగతి నా బిడ్డకు నాకంటే బాగా తెలుసు. అది అడుగుతున్నది సాక్ష్యం గురించి కానే కాదు. నొప్పుల్లో నిలబడి పిలిస్తే ఎందుకు పలకలేదని అడుగుతోంది. దానికి నా దగ్గర వ్యాసం లేదు. భయమేసిందే అన్నాను. అది విన్నదో, నిద్రపోయిందో తెలియలేదు. నర్సు వచ్చి టైమైందని చెప్పింది.

తర్వాతి రెండు రోజులూ అమ్మాయి నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. నీళ్లు, చార్జరు, దిండు. “ఏందే” అన్న పిలుపు ఒక్కసారి కూడా రాలేదు. పాపను నా ఒళ్లో పెట్టింది మాత్రం వియ్యపురాలే. తల కింద చెయ్యి ఎలా పెట్టాలో నాకు చూపించింది కూడా. నాకు తెలుసని చెప్పలేదు.

మూడో రోజు పొద్దున ఇంటికి పంపించారు. ఆసుపత్రి గేటు దగ్గర గదిలో డిశ్చార్జి చీటీ మీద ముద్ర వేయించుకొస్తే తప్ప కారును బయటికి వదలరు. అల్లుడు పక్కనే ఉన్నాడు. అయినా అమ్మాయి ఆ చీటీ నాకు ఇచ్చింది. ముద్ర వేయించుకురా అంది, నా వైపు చూడకుండానే.

పోయాను. అక్కడ ముగ్గురో నలుగురో ముందున్నారు. ముద్ర పడ్డాక తిరిగి వస్తుంటే, ఆసుపత్రి మెట్ల పక్కనున్న వాలుదారి మీద వాళ్లు దిగుతూ కనిపించారు. చక్రాల కుర్చీలో అమ్మాయి, ఒళ్లో పాప. వెనక తోస్తూ అల్లుడు. పక్కన సంచులతో వియ్యపురాలు. ఆ దారికి ఒక పక్కన లావుపాటి స్తంభాలున్నాయి. నేను అనుకోకుండానే నా కాళ్లు మొదటి స్తంభం వైపు తిరిగాయి. వాటికి ఎవరూ చెప్పనక్కర్లేదు, ఏడాదిగా అలవాటైంది.

అమ్మాయి తలెత్తి చూసింది. పిలవలేదు, చెయ్యి ఊపలేదు. నేను ఎటు నడుస్తానో చూస్తోంది. ఏడో తరగతిలో గోడ దగ్గర నిలబడి రోడ్డు వైపు అలాగే చూసింది.

స్తంభం చాటుకు పోలేదు. దారి మధ్యలోకి వచ్చి, వాళ్ల వైపు నడిచాను. భయం పోలేదు. అది దాచను, ఇప్పటికీ ఆ నాలుగు అడుగులు తలుచుకోవడం నాకు ఇష్టం ఉండదు. పాప ముఖం మీద ఎండ పడుతోంది. కుర్చీ నా ముందుకు వచ్చి ఆగింది. వియ్యపురాలు ఒక్క క్షణం కళ్లు మూసుకుంది, నేను చూశాను.

“ఏందే, చీటీ తెచ్చినవా?” అంది అమ్మాయి.

తెచ్చానన్నాను. చెయ్యి చాపి తీసుకుంది.

కారులో సంచులు పెట్టాక నాకు చోటు చాలలేదు. మీరు ముందు పోండి, వెనక వస్తానన్నాను. మేడ్చల్ చెక్‌పోస్టు దాకా వాళ్ల కారు నా ఆటో ముందు కనబడుతూనే ఉంది. ఆ తర్వాత లారీలు అడ్డం వచ్చాయి.